ఒక చుక్క, నాలిక మీద

దాళ్వాలో కాలవనీళ్లు మా శివారుదాకా రావు.
మురుగ్గోడే దిక్కు.
అమావాస్యకి సముద్రం పోటెత్తితే
అదే కోడు ఉప్పుని మోసుకొస్తుంది.
రంగు మారదు, చప్పుడు మారదు.
అందుకే ఇక్కడ ఎవరైనా ఇంజను తిప్పేముందు
వొంగి, దోసిట్లోంచి ఓ చుక్క
నాలిక మీద వేసుకుంటారు.

నీళ్లకి చేసే ఈపాటి పరీక్ష
చినబాబుకి చెయ్యలేదు నేను.

వాడిది తియ్యటి నోరు.
నే కోప్పడితే నా కోపమే న్యాయమనేవాడు,
పేకలో పోతే ముక్కలది తప్పనేవాడు.
పంటు మీద నర్సాపురం తీసుకెళ్లి
బిర్యానీ చెప్పించి,
బిల్లొచ్చేసరికి ఫోను చెవిన పెట్టుకునేవాడు.
నవ్వుకునేవాణ్ణి.
"వరి గింజలు లెక్కెట్టుకునే మొహమా నీది?
చెరువు తవ్వెయ్" అన్నది వాడే.

ఏసుదాసు మాత్రం
ఇంజను విప్పుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:
"ఒద్దు. గట్టవతల నా అరెకరం ఉంది.
అది కాదు గానీ, నీకు ఆ పని రాదు."
రెండో మాటే గుచ్చుకుంది.
మూడేళ్లు వాడి షెడ్డు ముందు
బండి ఆపకుండా పోయాను.

రొయ్యకి తెల్లమచ్చ తగిలిన తెల్లారి
గట్టు మీద కాకులూ, నేనూ.
చినబాబు ఫోను కాసేపు మోగింది,
తర్వాత మోగడం కూడా మానేసింది.

మధ్యాహ్నానికి ఏసుదాసు వచ్చాడు,
భుజాన పైపు చుట్ట.
ఓదార్పుమాట ఒక్కటీ తేలేదు.
చెరువు తోడటానికి రెండ్రోజులు పట్టింది.
డీజిలు డబ్బులు
పైసలతో సహా చెప్పి మరీ తీసుకున్నాడు.

రెండోరోజు సాయంత్రం
కాళ్లు కడుక్కుందామని గట్టు దాటాను.
వాడి అరెకరం
పిండి ఆరబోసినట్టు తెల్లగా పెళ్లలు కట్టి ఉంది.
ఒక పెళ్ల తీసి నాలిక మీద పెట్టుకున్నాను.

నా చెరువే.

ఎవడు తియ్యన, ఎవడు చేదు అని
రాత్రంతా లెక్కలేసుకున్నవాణ్ణి,
నా రుచేంటో ఆ పూటే తెలిసింది.

"దాసూ" అన్నాను.
పైపు చుడుతున్నవాడు చుడుతూనే ఉన్నాడు.
"రెండు వానాకాలాలు కడిగితే పోద్దిలే.
జీలుగు చల్లు. నీ దాంట్లోనూ, నా దాంట్లోనూ.
విత్తనాలు మాత్రం నువ్వే కొను."

ఇవాళ మలికిపురం కొట్లో
రెండు సంచులు తూయించాను.
"మంచి రకమండీ, కళ్లు మూసుకుని పట్టుకెళ్లండి"
అన్నాడు కొట్టతను, ఎంతో తియ్యగా.

నాలుగు గింజలు నోట్లో వేసుకుని
కొరికి చూశాను.