తొమ్మిదో డబ్బా

కాట్పాడి పాసింజర్లో దిగినాయి డబ్బాలు.
పార్సిలాఫీసు గుమాస్తా ఊపి చూసి
"మామిడి గుజ్జా?" అన్నాడు.
కాదు సామీ, ఒక మనిషి.
ముప్ఫయ్యేండ్ల మనిషిని
తొమ్మిది రేకు డబ్బాల్లో సర్ది పంపినామని
ఫ్రెంచివాళ్ళ రసీదు.

పేరు ఎతియెన్ వాలోర్.
చిత్తూరు ఫిలిం క్లబ్బు సభ్యులు ఇరవై ముగ్గురు,
ఒక్కరికీ నోరు తిరగలేదు.
వేలూరాయన అన్నాం.
పక్కూరే కదా, బస్సెక్కితే గంట.

స్కూలు హాలు కిటికీలకు కంబళ్ళు కొట్టి
ప్రొజెక్టరు నేనే తిప్పినా.
మొదటి డబ్బాలో వాడికి ఇరవై రెండు.
పరిగెత్తుతాడు,
మెట్లు, వంతెన, రైలు పట్టాలు,
కోటు వెనకాల ఎగురుతా ఉంటుంది.
ఎవరు తరుముతున్నారో తెలిసేలోగా
కింద ఇంగ్లీషు అక్షరాలు మాయం.

రెండోదాంట్లో ముద్దు.
హెడ్మాస్టరు లేచి, లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టమన్నాడు.
నా అరచేతి మీద ఆడింది ఆ ముద్దు,
మసగ్గా, వెచ్చగా.
నేనొక్కడినే చూసినా.

మూడులో చచ్చిపోయినాడు. నాలుగులో మళ్ళీ.
ఐదులో చచ్చేటప్పుడు
కళ్ళు కెమెరా పక్కకు తిప్పినాడు,
అక్కడ కుర్చీలో కూర్చున్నోడెవడో
తీరిగ్గా తనను చంపుతున్నట్టు.

వెనక బెంచీలో గంగులప్ప తొడ నిమురుకున్నాడు.
భారతం మిట్టలో పందొమ్మిదేండ్ల దుర్యోధనుడు.
ఏటా పద్దెనిమిదో రోజు
మట్టితో చేసిన తన ఒంటి మీద తనే పరిగెత్తి,
భీముడి గదకు తొడ విరిగి పడి,
ఆడవాళ్ళ చీపురు దెబ్బలు తిని,
మర్నాడు పొద్దున్నే బెల్లం మండీలో మూటలు మోస్తాడు.
"విసుగొచ్చేసింది వాడికి," అన్నాడు చీకట్లో.
"చావొచ్చబ్బా. ఊరికే చంపించుకోవడమే కష్టం."

ఆరు. ఏడు.
జుట్టు పలచబడింది.
పోలీసు, పెండ్లికూతురి తండ్రి, పక్కింటి తాగుబోతు.
మొదట పడే పేరు మూడోదయింది,
తర్వాత గుంపులో కలిసింది.

ఎనిమిదో డబ్బా లేదు.
రసీదులో ఉంది, రైల్లో లేదు.
కాట్పాడిలోనే ఏ గుజ్జు డబ్బాల మధ్యనో ఉండిపోయింది.
ఆ ఏండ్లలో ఏం జరిగిందో,
ఎవరు తలుపేసినారో,
ఎవరు ఒక కుర్చీ లాగి కూచోమన్నారో.

తొమ్మిదిలో పేరు చిట్టచివర పడింది,
ఒంటరిగా, దర్శకత్వం కింద.
రెండు గంటలు వెతికినాం, వాడెక్కడా లేడు.
అదే పాత వంతెన మీదికి ఒక కుర్రాడు వస్తాడు.
పరిగెత్తుతాడనుకున్నాం.
మధ్యలో నిలబడి కమలాపండు ఒలుస్తాడు.
తొక్క మొత్తం ఊడేదాకా కెమెరా కదల్లేదు.
తరిమేవాళ్ళు రాలేదు.
కుర్చీలు కిర్రుమన్నాయి,
పదకొండుమంది లేచి వెళ్ళిపోయినారు,
హెడ్మాస్టరు గురక.

"అదో, వేలూరాయన," అన్నాడు గంగులప్ప.
ఎక్కడన్నా?
"ఆ పిల్లోడిని తొందర పెట్టకుండా చూస్తున్నాడే,
అక్కడ."

ఆ ఏడు కిరీటం పెట్టుకోలేదు గంగులప్ప.
మండీ కాటా వేసే మునిశేఖరుకిచ్చినాడు.
తను మట్టిబొమ్మ కాళ్ళ దగ్గర గొంతుక్కూచుని
వేళ్ళకు గోళ్ళు దిద్దుతా,
"పడే ముందు ఒక్క గడియ ఆగు," అన్నాడు.
"పైకి చూడు. కొట్టేవాళ్ళను కాసుకోనీ."

గద తొడకు తగిలింది.
మునిశేఖరు పడలేదు.
కిరీటం సర్దుకుని, ఎండలోకి కళ్ళు చికిలించి
ఎవరో పిలిచినట్టు ఆకాశం చూసినాడు.
ఎత్తిన చీపుర్లు ఎత్తినట్టే.
తవిలు కొట్టేవాడు కూడా మరిచిపోయినాడు.
ఒక ముసలామె "అయ్యో, బిడ్డా" అంది,
అని, నాలుక కరుచుకుంది.

జనంలో గంగులప్ప కోసం చూసినా.
ఎక్కడా కనపడలేదు.

ఎనిమిదో డబ్బా సంగతి
కాట్పాడికి రెండు ఉత్తరాలు రాసినా.
జవాబు లేదు.