రెండొందల ఇరవయ్యారో యూనిట్

పైన శ్లాబు కాగుతుంటే
కింద బిల్లులో శ్లాబు మారింది.
గుంటూరు మే నెలకి రెండూ ఒకటే.

ఒకటో తారీఖు చీకటి పడ్డాక
ఖాజాబీ స్టూలెక్కుద్ది.
సెల్లు లైటేసి మా సబ్‌మీటరు చదివి
గోడ మీద, నా సుద్దముక్కతోనే
తీసివేత వేసుద్ది.
సంగడిగుంటలో రెండు పోర్షన్ల ఇల్లు. మీటరు ఒకటే.
దాని మీద పేరు, ఎప్పుడో పోయిన వాళ్ల తాతగారిది.

"మీయి తొంభై ఎనిమిది. మాయి నూట నలభై రెండు."
ఎవరికి వాళ్లమయితే గీత లోపలే ఉన్నాం.
కలిపితే దాటాం.
రెండొందల ఇరవై అయిదు దాకా ఒక తీరు,
ఆ పైన కాలిన ప్రతిదానికీ ఇంకో తీరు.
మరి ఆ ఇరవయ్యారోది ఎవరు కాల్చినట్టు?

స్కూలు యూనిఫారాలు కుట్టిన నా మిషను మోటారా?
గాలాడక వాళ్ల పెద్దాయన తెల్లార్లూ తిప్పుకున్న కూలరా?
తలుపు సరిగా పడని ఫ్రిజ్జా?
ఇద్దరి బిందెలూ నింపిన నీళ్ల మోటారా?
యూనిట్‌కి ముఖం ఉండదు.
వేలు చూపించుకోడానికి మేమున్నాం.

ఫ్యూజు వేయడానికొచ్చిన ఏసోబు
అట్టముక్క మీద మెట్లు గీశాడు.
"వేరే మీటరు పెట్టించుకో అక్కా,
నీ లెక్క కింది మెట్టు కాణ్ణుంచి మొదలవుద్ది."
డిపాజిట్టు, వైరు, పెట్టె, అద్దె కాయితం,
అంతా కలిపి ముప్ఫై జతల కుట్టుకూలి.
రెండు మూడేళ్లకి గాని తిరిగిరాదు.
ఈలోగా ఇల్లు మారితే అదీ లేదు.

ఖాజాబీ చాలాసేపు మాట్లాడలేదు.
"మీటరు నీ పేరునుంటే
రేపు గోడ కూడా నీదంటావా?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఎట్టా చెప్పాలి?
పదకొండేళ్లుగా ఈ ఊళ్లో
ఎవరి లెక్క చివర్నో కూర్చుని కుడుతున్నాను.
అందరికంటే చవకగా దొరికే ఆ మొదటి యూనిట్
ఒక్కటి
నా పేరు మీద కాలాలని ఉంది.

ఇద్దరం గోడకేసి చూశాం.
"సరే, కాయితం తీసుకురా, చూద్దాం,"
అంది చివరికి, చేతి సుద్ద కొంగుకి తుడుచుకుంటూ.

ఈ నెలకి మాత్రం పైనున్న పదిహేనూ సగం సగం.
ఏడు మీకు, ఏడు మాకు.
ఒకటి మిగిలింది.
నీళ్ల మోటారుకి రాశాం.