ఊరు అనే గడి

గ్రిమ్స్‌బీలో సూర్యుడి కంటే ముందు
చేపల లారీలు లేస్తాయి.
నా పని జీతాల గదిలో. దానికి కిటికీ లేదు.
కింది అంతస్తులో ఐసుగడ్డలు పగిలే చప్పుడు,
నా బల్ల మీద అందరి అంకెలూ.

ఎవరి జీతం ఎంతో తెలిసినవాళ్ళకి
నోరుండకూడదని మొదటిరోజే సంతకం పెట్టించుకున్నారు.
పెట్టాను.
బందరు పిల్లని, నీచు వాసనకి ముక్కు మూసుకోను గానీ
నోరు మూసుకోవడం ఇక్కడే నేర్చుకున్నాను.

మా కంపెనీకి శిక్షణ మేనేజర్లు నలుగురు.
ఉద్యోగం పేరు ఒకటే, బాధ్యతల కాగితం ఒకటే,
అందులో అచ్చుతప్పు కూడా ఒకటే,
నాలుగు ఊళ్ళలోనూ అదే మాటలో అదే అక్షరం జారిపోయి.
క్రాయ్‌డన్‌లో ఏడాదికి యాభై ఎనిమిది వేల పౌండ్లు.
రెడింగ్‌లో యాభై నాలుగు.
లీడ్స్‌లో నలభై ఆరు.
గ్రిమ్స్‌బీలో ముప్పై తొమ్మిది వేల రెండు వందలు.
ఆ పైన రెండు వందలు ఎవరి దయో నాకు తెలియదు.

ఆ చివరి అంకె గ్లెనిస్ హార్ట్‌షోర్న్‌ది.
పద్ధెనిమిదేళ్ళుగా కొత్తవాళ్ళకి కత్తి పట్టడం నేర్పుతోంది.
కత్తిని కాదు, బొటనవేలిని చూసుకోమంటుంది.
ఇంగ్లీషు రాని లిథువేనియా కుర్రాడికి
సైగలతోనే హాడక్ చేపని విప్పి చూపించింది,
ఎవరిదో ఉత్తరం విప్పినట్టు, చిరగకుండా.
ఆవిడ వచ్చాక తెగిన వేళ్ళ లెక్క
ఏడాదికి పదకొండు నుంచి ఒకటికి దిగింది.
ఆ ఒకటీ మేనేజింగ్ డైరెక్టరుది,
ఫోటో కోసం కత్తి తీసుకున్నాడు.

క్రాయ్‌డన్ టోబయాస్‌కి పని నేర్పింది కూడా ఆవిడే.
ఆరు వారాలు, పక్క కుర్చీలో కూచోబెట్టుకుని.
వెళ్తూ వెళ్తూ ఒక పూలకుండీ ఇచ్చిపోయాడు.
ఇప్పటికీ దానికి నీళ్ళు పోస్తోంది.

అక్కడ ఇంటద్దెలు మండిపోతాయి కదా, అంటుంది పై ఆఫీసు.
నిజమే. మండుతాయి.
కానీ గ్లెనిస్ కొనే పాలకి, చలికోటుకి,
కూతురి కళ్ళద్దాలకి
ఊరి పేరు చూసి తగ్గించి ఇచ్చేదెవరు?
ఉప్పు తిన్నందుకు విశ్వాసం ఉండాలంటారు మావైపు.
ఒకే ఉప్పుని నాలుగు తూకాల్లో కొలిచి పోస్తే
విశ్వాసం ఏ తూకంలో చూపించాలి?

మార్చిలో కబురొచ్చింది.
జీతాల గురించి సిబ్బందితో
నిజాయితీగా మాట్లాడటం ఎలాగో
ప్రాంతాల పెద్దలందరికీ నేర్పాలట.
ఒక రోజు తరగతి, క్రాయ్‌డన్‌లో. చెప్పేది గ్లెనిస్.
నమూనాకి అసలు పట్టికే వాడమన్నారు.

ప్రింటు తీసి బోర్లించి ఇచ్చాను.
ఆవిడ తిరగేసింది.
చాలాసేపు ఐసు చప్పుడొక్కటే.
"మూడో వరస దగ్గర గీత వంకరపోయింది,
సరిచేసి ఇస్తావా?" అంది.
సరిచేశాను. వణికినవి నా చేతులే.

అక్కడేం జరిగిందో నేను చూడలేదు.
ఊరి పేర్లున్న గడికి తెల్ల టేపు అంటించి
ఇందులో ఎవరి పని ఏదో పోల్చండని
మాట్లాడకుండా కూచుందన్నారు.
టోబయాస్ నేలచూపులు చూశాడన్నారు.
కాదు, ముందు చెయ్యెత్తింది అతనేనని ఇంకొకరు.
ఏమైనా మారిందా అంటే,
కొత్త పట్టిక ఇంకా నా బల్ల మీదికి రాలేదు.

వచ్చింది ఖర్చుల కాగితం ఒకటే.
వెళ్ళేటప్పుడు మామూలు టికెట్టు.
వచ్చేటప్పుడు లండన్ నుంచి డాన్‌కాస్టర్ దాకా ఫస్ట్ క్లాసు,
టీ, రెండు కేకులు.
కారణం అన్న గడిలో నీలం సిరాతో
"క్రాయ్‌డన్ రేటు".

రూలు ప్రకారం కొట్టెయ్యాలి.
రూళ్ళ పుస్తకం తెరిచాను, మూశాను,
ముద్ర గుద్ది
తడి ఆరేదాకా ఊదుతూ కూచున్నాను.