గీత గుంతల పడ్డ రాత్రి

ప్రొజెక్టర్‌కు నెట్ అందుతలేదని పిలిస్తే
సోహార్ ఆఫీసుల బల్ల కింద దూరి
వైరు చూస్తున్న.
పైన గోడ మీద ఒక గీత.
ఎడమ మూలకు నేలబారుగ పాకి
కుడి మూలకొచ్చేసరికి
మోకేసిన గౌడు తాటిచెట్టెక్కినట్టు
నిటారుగ పోతున్నది.

"ఐదేండ్లల్ల రెండింతలు" అన్నది రీమ్ మేడమ్.
"తవ్వుడు లేదు, రోడ్డు కోసుడు లేదు,
మున్సిపాలిటీ కాయిదం లేదు.
డబ్బా పెట్టి ప్లగ్గు కొడితే ఇంట్ల నెట్టు."

బల్ల కింద నేను తల ఊపిన.
ఆ తవ్వుడు నాకెరుకే.
వచ్చిన కొత్తల ఫలజ్ రోడ్డు పొంటి
కేబుల్ కోసం మోకాలిలోతు గాడి తీసినం.
జూన్ నెల. గడ్డపార పట్టుకుంటె
అరచేతి తోలు దానికే అంటుకునేది.
పదకొండు మందిమి ఉంటిమి.
ఇప్పుడా పని గాలి చేస్తున్నది.
గాలికి చెమట పట్టది, గాలికి వీసా అక్కర్లేదు.
పది మంది ఇంటికి పోయిండ్రు.
నాకు మాత్రం నిచ్చెన ఇచ్చి
మిద్దెలెక్కుమన్నరు.

మిద్దె మీద పని సూటి పని.
డబ్బా చూపు టవరు చూపుకు తగలాలె,
నడుమ ఏదీ అడ్డం రావొద్దు.
మొన్న ఉమ్ సాలిం ఇంట్ల
ఖర్జూర చెట్టు అడ్డమొచ్చింది.
నాలుగు మట్టలు కొట్టేస్తె చాలంటిని.
ముసలామె చేతికర్ర చూపిచ్చింది.
"గెలలు పండినంక రా. నీ నెట్టు మురిగిపోతదా?"
ఆఖరికి మేకల కొట్టం మీద బిగిచ్చిన.
ఇప్పుడు ఆమె మనుమడు ఫోన్ల ఆటలాడేది
మేకల పుణ్యమే.
ఈ సంగతి స్లైడుల లేదు.

స్లైడుల ఉన్నది ఇండ్ల లెక్క.
నూటికి ఎన్నింటికి అందింది, ఇంకెన్నింటికి అందాలె.
ఇల్లంటె తలుపు, తలుపుకు నంబరు,
నంబరుకొక పేరు, నెలకొక బిల్లు.
మా క్యాంపుల ఇరవై ఆరు మందికి ఒక్కటే డబ్బా,
ఫోర్‌మన్ పేరు మీద.
తలకింత వేసుకొని కడుతం.
లెక్కల మేమొక ఇల్లు.
ఒక ఇంట్ల ఇరవై ఆరు ఇండ్లు
గురువారం రాత్రి ఒక్కసారే మాట్లాడితె
తెరల మీద మొఖాలు గడ్డకడుతయి,
నోరు తెరిచినోడు తెరిచినట్టే.

"ఇదేంది?" అన్నది మేడమ్
ఎర్ర చుక్కను గోడ మీద తిప్పుకుంట.
"పదిహేడో టవరు. పోయిన గురువారం
రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాక
వాడకం గుంతల పడ్డది. ఫాల్టా?"
ఖల్ఫాన్ సారు కాయిదాలు తిరగేసిండు.

ఆ రాత్రి భీంగల్ల
ఆశన్న బర్రె ఈనుతున్నది.
దూడ అడ్డం తిరిగింది, పసుల డాక్టరు దొరకలే.
గంగవ్వ ఫోను గుంజకు కట్టి
మోచేతి దాక నూనె రాసుకున్నది.
ఈడ ఆశన్న చెప్తాంటె
ఆడ బొమ్మ ఆగిపోతున్నది,
ఏ కాలు ఎటున్నదో కనబడ్తలేదు.
"బంద్ చెయ్యుండ్రిరా" అని ఎవలో అరిచిండ్రు.
సిల్హెట్ షోహాగ్ పెండ్లాంతోని కొట్లాట
నడుమనే ఆపిండు.
సినిమా చూసేటోళ్లు, లూడో ఆడేటోళ్లు,
కూతురికి జోల పాడేటోడు కూడ.
గోడ దుంకి పక్క క్యాంపులకు చెప్పొచ్చినం.
కంటైనర్లన్ని చీకటి.
ఒక్క ఫోను వెలుగుతున్నది.
"ముందటి కాళ్లు అందుకో. ఎడమకు తిప్పు. ఆగు.
ఆగమన్న గద. ఆఁ, ఇప్పుడు గుంజు."
తడితడి దూడ గడ్డి మీదికి జారింది.
చెవి కదిలిచ్చింది.
ఇన్నేండ్లల్ల అంత సాఫు బొమ్మ
నేను బిగిచ్చిన ఏ డబ్బాల చూడలే.

"లింబాద్రీ, నీ క్యాంపు ఆడనే కదా?"
ఖల్ఫాన్ సారు బల్ల కిందికి వంగి అడిగిండు.
"మాఫీ ముష్కిల్, సార్" అన్న.
ప్లగ్గు నొక్కిన. పచ్చ లైటొచ్చింది.
గీత మళ్ల గోడెక్కింది.
గుంత పక్కన ఫాల్టు అని రాసుకున్నరు.

దూడకు పేరింక పెట్టలేదట.