ఈ సంభాషణ వింటున్నాం

ఎనభై రెండు చలికాలంలో
గ్దీనియా తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసేదాన్ని.
చించిన కవర్లు మళ్లీ అతికించి
'తనిఖీ అయింది' అని ముద్ర కొట్టి మరీ పంపేవాళ్లు.
ఫోనెత్తితే రికార్డు చేసిన గొంతొకటి,
జలుబు చేసినట్టు:
"ఈ సంభాషణ వింటున్నాం. ఈ సంభాషణ వింటున్నాం."
మా అత్త ముందు ఆ గొంతుని కుశలమడిగి
ఆ తర్వాతే బంగాళాదుంపల సంగతెత్తేది.

ఇప్పుడెవరూ ముద్ర కొట్టరు.
'మీ గోప్యత మాకు ప్రాణం' అంటూ
తెర మీదికి ఒక పెట్టె వస్తుంది.
'అన్నిటికీ సరే' పచ్చగా, గుమ్మమంత.
'వద్దు' బూడిదరంగులో, చీమ తలంత.

మార్చిలో ఒక రాత్రి
చెల్లెలు లుద్వికా నిద్రపోయాక
చంక కింద చేతికి తగిలిన గడ్డ గురించి
నాలుగు ముక్కలు టైపు చేశాను.
డాక్టరుకింకా చెప్పలేదు.
ఒప్పుకోలు గదిలో పాదిరీకీ చెప్పలేదు.
తెల్లారి లుద్వికా అదే కంప్యూటర్లో
గసగసాల కేకు ఎలా చెయ్యాలో చూస్తుంటే
పక్కన విగ్గులు.
రాగిరంగువి, నల్లవి, మా వయసుకు తగ్గట్టు నెరిసినవి కూడా.
"వీళ్ల పిచ్చి కాకపోతే! మనకెందుకే విగ్గులు?"
అని నవ్వింది.
నేనూ నవ్వి, గిన్నె కడగడానికి లేచాను.
కడిగిన గిన్నే మళ్లీ కడిగాను.

గురువారాలు గ్రంథాలయంలో టిమోన్ ఉంటాడు,
ఒక చెవికి మూడు పోగులతో.
"ఏ బ్రౌజరు కావాలమ్మా?"
చెప్పుల కొట్లో కుర్రాడిలా వరసగా చూపించాడు.
మొదటిది మహా వేగం,
దాన్ని కన్నవాళ్ల వ్యాపారమే ప్రకటనలట.
రెండోది ఉల్లిపాయ, పొర మీద పొర.
తలుపు తట్టిందెవరో అవతలివాళ్లకు తెలీదు గానీ
రేపు వాన పడుతుందా అని అడిగితే
ఎల్లుండి చెప్పేలా ఉంది.
మూడోదాని గుర్తు ఏదో చిన్న జంతువు,
చలికి ముడుచుకు పడుకుంది.
దాన్నే తీసుకున్నాను. కారణం అంతే.

కుకీ అంటే బిస్కెట్టు కాదట,
నాకు తెలియకుండా నా కోటంచుకు గుచ్చిన చీటీ.
పరాయివాళ్ల చీటీలు ఆపు.
వెతికేదాన్ని మార్చు.
ఎక్కడున్నావంటే చెప్పకు.
మైకు మూసెయ్. వెళ్తూ వెళ్తూ అంతా తుడిచెయ్.
పాత అలవాటు కొద్దీ
పిన్‌కోడ్లు రాసుకున్నట్టు రాసుకున్నాను.

ఊపొచ్చి ఇంకా కావాలన్నాను,
ఉన్న తాళాలన్నీ, ముసుగులన్నీ.
టిమోన్ తల అడ్డంగా ఊపాడు.
"మరీ ఎక్కువ తాళాలేస్తే ఆ తలుపే అందరికీ గుర్తుంటుంది.
కిటికీ కొలత, అక్షరాల వాటం,
వాటితోనే మనిషిని పోల్చేస్తారు.
పదిమందిలో పదకొండోదానిలా ఉండండి."
అది నాకొకరు నేర్పాలా?
మాంసం క్యూలో
అందరిలాంటి బూడిదరంగు కోటులో
పదేళ్లు నిలబడ్డదాన్ని.

ఇంటికొచ్చాక ఆసుపత్రి పేజీ తెరుచుకోలేదు.
తెల్లటి తెర, మధ్యలో తిరుగుతూ చక్రం.
డాక్టరు దొరకాలంటే డాలు దించాలి.
డాలు బొమ్మ మీద బాణం గుర్తు ఆపి
చాలాసేపు కూర్చున్నాను.
ఈ ఒక్క గుమ్మానికే, ఈ ఒక్కసారికే, అని దించాను.
పదిహేడో తారీఖు, పొద్దున ఎనిమిదీ నలభై.
మళ్లీ ఎత్తేశాను.

మూసేముందు అడిగింది: అంతా మరిచిపోనా?
మరిచిపో అన్నాను. మరిచిపోయింది.
నేనెరిగిన ఏ అధికారికీ
అంత తేలిగ్గా మరిచిపోవడం రాలేదు.

వంటింట్లో లుద్వికా కప్పుల్లో టీ పోస్తోంది.
"అవి అక్కడ పెట్టి ఇలా వచ్చి కూర్చో" అన్నాను.
ఈసారి విగ్గుల కంటే ముందు
నేనే చెప్పాను.
తన చెయ్యి నా చంక దాకా వచ్చి,
అడగకుండా ముట్టుకోవచ్చో లేదో తెలియక
గాలిలో ఆగింది.
నేనే పట్టుకుని చూపించాను.

టీ చల్లారిపోయింది.
చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
అది కూడా ఎవరూ వినలేదు.