పాలపద్దు

తాత ఉప్పు కచేరీలో గుమాస్తా.
ఆదివారాలు మాత్రం వాల్తేరు మిట్టమీద
దొరల ఆటకి లెక్క రాసేవాడు.
ఆ పుస్తకం నా దగ్గరుంది.
అట్టకి ఇంకా ఉప్పుచెమ్మ.

మొదటి పేజీ ఫాసెట్ దొర చెప్పగా రాసింది:
కొలంబోలో నలభై ఒకటి,
పెనాంగులో సున్నా, పక్కనే "వాన" అని.
తరవాత ఇక్కడ, బరంపురం వాళ్ళమీద,
ఎనభై ఎనిమిది, నాటౌట్.
జీతానికి కాదు, సరదాకి ఆడేవాడట.
సరదాకి ఆడేవాళ్ళకే పేరుముందు మిస్టర్ రాయాలని
తాతకెవరో నేర్పారు.
ప్రతి వరసలో, విసుగులేకుండా, మిస్టర్.

ఎర్రమట్టి మీద కొబ్బరిపీచు చాప పరిచి
నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి
సాయంత్రాలు దొర ఒక్కడే సాధన చేసేవాడు.
బంతులెయ్యడానికి జాలారిపేట నుంచి
మైలపిల్లి ఎల్లాజీ వచ్చేవాడు,
వేటలేని రోజుల్లో, కాళ్ళకి ఇసకతో.
పూటకి అర్ధణా.
చుట్టూ వల కట్టడం చూసి నవ్వాడట:
"ఇందల సేప ఎవులు బాబూ?"

ఆట పేజీల్లో అతని పేరు లేదు.
పుస్తకం తిరగేస్తే, వెనకనుంచి, తాత పాలపద్దు.
ఎన్ని శేర్లు, ఎంత బాకీ, దూడ చచ్చిన వారం.
ఆ అంచున పెన్సిలుతో నిలువుగీతలు:
ఎల్లాజీ, ఈ వేళ తొమ్మిది.
ఎల్లాజీ, నాలుగు. ముసురు.
ఎల్లాజీ, పదకొండు. దొర బ్యాటు నేలకేసి కొట్టాడు.

చెదలు తిన్నవి పోగా కూడి చూశాను.
మూడువందల పన్నెండుసార్లు
మిస్టర్ ఫాసెట్ వికెట్టు పడింది.

ఎందుకు రాసినట్టు?
తాత అంత ధైర్యస్తుడు కాదు.
పాలలో నీళ్ళు కలిపినా అడగలేదని
నాయనమ్మ చివరిదాకా దెప్పేది.
లెక్క తేలకపోతే నిద్రపట్టని మనిషి, అంతే.

దొరకి రంగూను బదిలీ అయింది.
అప్పటికింకా హార్బరు తవ్వలేదు,
ఓడ దూరంగా నిలబడేది.
కెరటాలు దాటించే పడవలో ఒక తెడ్డు ఎల్లాజీది.
మూడో కెరటం దగ్గర, టోపీ తడిసి ముద్దై,
దొర మణికట్టు తిప్పి చూపిస్తూ అడిగాడట,
ఆ బంతి ఎలా తిరుగుతుందని.

"వలేసినట్టే బాబూ.
ఇసరకూడదు. ఒగ్గీయాల."

దుబాసీ ఒడ్డునే ఉండిపోయాడు.

పుస్తకంలో ఆ తేదీకి ఆట లేదు.
పాలు మాత్రం, ఒకటిన్నర శేరు.