లక్షా మూడు

అంబాజీపేట డిపోలో
ఆషాఢం జల్లు రేకుల మీద పడుతూనే ఉంది,
కుంచే ధర్మరాజు లెక్క ఆపలేదు.
చేతికి రెండేసి కాయలు, విసురుకి నాలుగు.
మొదటి విసురుని ఒకటి అనడు, లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఇరవై ఐదు విసుర్లకి ఒక కొబ్బరీనె.
మూడోనాడు దీపాలు పెట్టే వేళకి
వెయ్యి ఈనెలు కట్టకట్టి నా బల్ల మీద పెట్టాడు.
ఆఖరి విసురులో
కుడి చేతికి రెండొచ్చాయి, ఎడం చేతికి ఒకటే.

"లక్షా మూడండి."

భాగస్తులు ఐదుగురు.
లక్షే అయితే తలో ఇరవై వేలు,
టీ చల్లారేలోపు తేలిపోయేది.
"ఆ మూడూ అవతల పారెయ్యవయ్యా" అన్నాడు పెద్ద భాగస్తు.
"లెక్కలోకి వచ్చేసినయ్యండి, ఇంకెక్కడికి పోతాయండి"
తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ధర్మరాజు.

ఆ రాత్రి బిల్లుపుస్తకం వెనక అట్ట మీద
రెంటితో భాగించాను, లాభం మిగిలింది.
మూడుతో, లాభం.
ఏడుతో చూస్తే అక్కడా లాభమే.
పదకొండుకి రెండు, పదమూడుకి ఏడు, పదిహేడుకి తొమ్మిది,
రేవులో ఆఖరి పంటు తప్పినవాళ్ళలా
ఎవరో ఒకరు ఒడ్డునే ఉండిపోతున్నారు.
మూడు వందల పదమూడు దాకా వెళ్తే చాలు,
ఆ తర్వాతి ప్రధాన సంఖ్య వర్గం దీన్ని దాటిపోతుంది.
అరవై ఐదు తలుపులు తట్టాను.
మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది.
ఒక్క తలుపూ తెరుచుకోలేదు.
లోపలికి దారి ఉన్నది ఇద్దరికే:
తనకీ, లాభానికీ.

లక్ష ఎంత మెతక మనిషి!
ఒళ్ళంతా రెళ్ళూ ఐదులూ, ఎక్కడ పట్టుకుంటే అక్కడ విరుగుతుంది.
లక్షా ఒకటి పదకొండుకి లొంగిపోయింది.
లక్షా రెండు ఏడుకి కూడా తలవంచింది.
ఇంకొక్క కాయ వేసేసరికి ఏమొచ్చిందో దీనికి.

నలుచదరంగా పేర్చబోతే కుదరదు,
రెండు చదరాలుగా విడదీసినా కుదరదు.
నాలుగేసి విసిరితే మూడు మిగిలే రాశికి ఆ యోగం లేదు;
ధర్మరాజు ఎడం చెయ్యి ఆ సంగతి ముందే చెప్పింది,
నేనే వినలేదు.
దీనికి ఒకటే వరస. కాయ పక్కన కాయ,
కాలవగట్టు పట్టుకుని, ఉప్పుగాలి తగిలేదాకా.
వెనక్కి పన్నెండు అంకెల అవతల ఒక చుట్టం,
ముందుకి పదహారు.
పక్కింట్లో పలకరించే కవల లేదు.

పొద్దున్నే ఐదుగురూ వచ్చారు.
పెద్ద భాగస్తు కత్తి తెప్పించి
మూడు కాయలూ కొట్టించాడు.
బెల్లంముక్కతో తలో కాస్త తిన్నారు,
నేనూ తిన్నాను, బాగానే ఉంది.
లక్ష ఐదు వాటాలై లారీలెక్కింది.

చిట్టాలో మాత్రం
లక్షా మూడనే రాశాను, కొట్టెయ్యలేదు.
ఆడిటరు వచ్చి ఆ మూడూ ఏవయ్యా అంటే
తినేశామని చెప్తాను.